ఏడూ నలభై గుంత

జూన్ 3, సోమవారం

లైవ్‌లో స్టవ్ వెలగలేదు. వంటావిడ నాలుగుసార్లు తిప్పి చూసి, బిక్కమొహం వేసుకుని కెమెరా వైపు చూసింది. పైన కంట్రోల్ రూమ్‌లో నాకు గుండె జారిపోయింది. అక్క మాత్రం తొణకలేదు. "మా ఇంట్లో కూడా ఇంతేనండీ, త్వరగా వెళ్లాల్సిన రోజే మొరాయిస్తుంది" అని, స్టవ్ మీద అలిగినట్టు అటు తిరిగి కూర్చుంది. కెమెరామన్‌తో సహా అందరూ నవ్వారు. మూడు నిమిషాలు అలాగే లాక్కొచ్చింది.

పదకొండేళ్ల నుంచి ఆ కుర్చీలో కూర్చుని లాక్కొస్తూనే ఉంది. ఆవిడ యాంకర్, నేను ప్రొడ్యూసర్ని. నన్ను ఈ షోకి తెచ్చింది కూడా ఆవిడే. నాకే కాదు, ఊరందరికీ అక్కే. నిన్న కూరగాయల కొట్టతను "అక్క బావున్నారా మేడమ్?" అని నన్ను అడిగాడు. నేను బావున్నానో చచ్చానో ఎవడికీ అక్కర్లేదు.

పక్క ఛానెల్ వాళ్లు పొద్దుటి షోలోకి కుక్కపిల్లని తెచ్చారు. అది సోఫా మీద పడి నిద్రపోతుంది, అంతే. జనం విరగబడి చూస్తున్నారట.

జూన్ 6, గురువారం

గురువారం అంటేనే నాకు హడల్. పోయిన వారం గీతలు వచ్చే రోజు. ఎవరి ఇళ్లలోనో టీవీల వెనక పెట్టిన పెట్టెలు ఎంతమంది చూస్తున్నారో నిమిష నిమిషానికీ లెక్క పంపితే, అవి గీతలై నా టేబుల్ మీదకి వస్తాయి. మళ్లీ తగ్గాం. వరసగా తొమ్మిదో వారం.

కొత్త హెడ్ పిలిచాడు. వచ్చి రెండు నెలలైంది. ముప్పై ఆరేళ్లుంటాయేమో, ఆటల ఛానెల్ నుంచి ఊడిపడ్డాడు. ఏం మాట్లాడినా అంకెతో మొదలుపెట్టి అంకెతో ముగిస్తాడని లెక్కల మాస్టారు అని పేరు పెట్టాం. పాత ఫైళ్లు పట్టుకెళ్తే ముట్టుకోలేదు. "పాతవి చూస్తే పాతగానే ఆలోచిస్తాం మేడమ్" అన్నాడు. వాడి తలకాయ.

జూన్ 7, శుక్రవారం

చెప్పేశాడు. "షోకి రెండు మొహాలు అనవసరం మేడమ్. అక్కగారా, కొత్తమ్మాయా? తేల్చండి."

కొత్తమ్మాయి పాటల ఛానెల్‌లో ఉండేది. నెల రోజులుగా అక్క పక్కన కూర్చుని తల ఊపుతోంది. చెడ్డ పిల్ల కాదు. చెడ్డదైతే నాకు సులువుగా ఉండేది.

"రెండు వారాలు ఇద్దరికీ విడివిడిగా టైమివ్వండి. వరస మీ ఇష్టం. గీత ఎవరి దగ్గర నిలబడితే వాళ్లుంటారు. నాకు తేడా కనపడాలి. తేడా లేదంటే మొత్తం షోనే ఎత్తేసి, ఆ మూడు గంటలూ మంచాలూ మిక్సీలూ అమ్మేవాళ్లకి ఇచ్చేస్తా."

వాడికి ఎవరి మీదా కోపం లేదట, ప్రేమా లేదట. నవ్వుతూనే చెప్పాడు. షో పోతే నలభై మంది రోడ్డున పడతారు. అందులో నేనూ ఉన్నాను. నలభై మూడేళ్ల దాన్ని, నన్నెవరు పిలిచి పనిస్తారు?

జూన్ 8, శనివారం

వరస రాశాను. నాలుగుసార్లు కొట్టేసి అయిదోసారి రాశాను.

ఏడూ నలభై నుంచి ఏడూ యాభై రెండు దాకా ఉండే ముక్కని మేం గుంత అంటాం. ఆ పేరు పెట్టింది అక్కే. స్కూలు బస్సులూ ఆఫీసు బస్సులూ అన్నీ ఆ టైముకే. తెర మీద ఎవరున్నా, ఏం చూపించినా జనం లేచి వెళ్లిపోతారు. గీత దబ్బున పడుతుంది. నూటికి నలభై నలుగురు మిగిలితే గొప్ప. అందుకని అక్కడ మనిషిని కూర్చోబెట్టం. పాత వంట ముక్కో, రికార్డు చేసిన పాటో వేసి కళ్లు మూసుకుంటాం. ఎనిమిది దాటాక ఇంట్లో మిగిలినవాళ్లు పనులు తెముల్చుకుని మళ్లీ టీవీ దగ్గరికొస్తారు. అప్పుడు ఖాళీ కుర్చీ చూపించినా గీత లేస్తుంది.

ఇది నాకు తెలుసు, అక్కకి తెలుసు, ఫ్లోర్ మీద వాళ్లందరికీ తెలుసు. లెక్కల మాస్టారికి తెలియదు. ఆటల ఛానెల్లో స్కూలు బస్సు ఎక్కేవాళ్ల గొడవ ఉండదు.

కొత్తమ్మాయికి ఎనిమిదీ అయిదు రాశాను. అక్కకి గుంత.

ఆ గుంతని పట్టుకునే సత్తా ఉంటే గింటే అక్కకే ఉంది, అందుకే. కొత్తమ్మాయిని పెడితే హడలిపోతుంది, పాపం. వేరే ఉద్దేశం ఏమీ లేదు.

జూన్ 9, ఆదివారం

ఫోన్ చేసి అక్కకి చెప్పాను.

"గుంతలోకి నేనా?" అంది. "అది గుంత అని మాస్టారికి తెలుసటే?"

"నేను చెప్తానుగా అక్కా."

"చెప్తే సరే. లేకపోతే నన్ను బావిలో తోసి ఈత రాదన్నట్టుంటుంది." తర్వాత తనే నవ్వేసింది. "పోనీలే, నువ్వున్నావుగా. గీతలు మాకెలాగూ చూపించరు, నా కళ్లు నువ్వే."

నిజమే, యాంకర్లకి గీతలు చూపించకూడదని మా దగ్గర రూలు. చూస్తే మర్నాడు బిగుసుకుపోతారని. ఎలా చేశారో వాళ్లకి మేం నోటితో చెప్పాల్సిందే.

జూన్ 10, సోమవారం

మొదటి రోజు. పర్లేదు.

జూన్ 12, బుధవారం

ఇవాళ నా ప్రాణం పోయి వచ్చింది.

ఏడూ నలభై రెండుకి అక్క కాగితాలు పక్కన పెట్టేసి, కెమెరా దగ్గరికి కుర్చీ లాక్కుంది. "వెళ్లిపోయారా అందరూ? తలుపేసుకుని రండి. ఇంట్లో మిగిలింది మనమే, ఇప్పుడు నెమ్మదిగా మాట్లాడుకుందాం" అంది. ఆ తర్వాత, "మీరు పోసుకున్న టీ అలాగే ఉండిపోయుంటుంది, చల్లారిపోయుంటుంది. వెళ్లి వేడి చేసుకోండి. నేనెక్కడికీ పోను, ఇక్కడే ఉంటా" అంది.

అని ఊరుకుంది. లైవ్‌లో. అయిదు సెకన్లు, పది, పదిహేను. టీవీలో అయిదు సెకన్లు చప్పుడు లేకపోతే ఫోన్లు మోగుతాయి. "అక్కా, మాట్లాడు! ఏదో ఒకటి మాట్లాడు!" అని మైకులో గొంతు చించుకున్నాను. ఆవిడ చెవిలోంచి ఇయర్‌పీస్ తీసి టేబుల్ మీద పెట్టింది. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా మనిషి వంటింట్లోకి వెళ్లినట్టు అటే చూస్తూ కూర్చుంది. నలభై సెకన్లు.

"వచ్చారా? ఊఁ, ఇప్పుడు చెప్పండి, రాత్రి నిద్ర పట్టిందా?"

షో అయ్యాక కిందకి పరిగెత్తి చెడామడా తిట్టాను. "ఏమే, అంత కంగారు దేనికి? టీ వేడెక్కడానికి ఆ మాత్రం పట్టదూ?" అంది.

జూన్ 18, మంగళవారం

రాత్రి భోజనాల దగ్గర అత్తయ్య అన్నారు: "మీ అక్కకి ఇవాళ గొంతు బాగాలేదల్లే ఉంది. తేనె వేసుకోమను."

మా అత్తయ్య పదేళ్లుగా పక్క ఛానెలే చూస్తారు. నేనింట్లో ఉన్నా సరే, సిగ్గూ మొహమాటం లేకుండా అదే పెట్టుకుంటారు. "మీరు మా షో చూస్తున్నారా?" అన్నాను.

"చూడ్డమేంటి? రిమోట్ కింద పడి అదే నొక్కుకుంది" అన్నారు. కంచంలోకి చూస్తూ, "మీరంతా వెళ్లిపోయాక ఇల్లు బావురుమంటుంది అమ్మాయ్. ఆవిడ పలకరిస్తుంది. టీ వేడి చేసుకోమంటే లేచి చేసుకుంటున్నా. ఇన్నాళ్లూ చల్లటిదే తాగేదాన్ని" అన్నారు.

ఈయన తల ఎత్తకుండా తింటూనే ఉన్నారు. నేను కంచం తీసుకుని లేచాను.

జూన్ 20, గురువారం

గుంత గీత వచ్చింది. నూటికి యాభై ఎనిమిది.

పదకొండేళ్లలో ఎప్పుడూ లేదు. ఆ నలభై సెకన్లు వేలు పెట్టి వెతికాను. అక్కడ గీత ఒక్క మిల్లీమీటరు కూడా దిగలేదు.

కొత్తమ్మాయి దగ్గర ఎనిమిదీ అయిదుకి గీత లేచింది. ఎప్పుడూ లేచేదే.

అక్క అడిగింది, "ఎలా ఉందే?" అని. "పర్లేదక్కా" అన్నాను. అంకె చెప్తే బిగుసుకుపోతుందని చెప్పలేదు.

జూన్ 27, గురువారం

డెబ్బై ఒకటి.

ఇంకోసారి చూసుకున్నాను. డెబ్బై ఒకటే.

అక్క కారిడార్లో ఆపింది. "రేపే కదటే మీటింగు? గుంత సంగతి చెప్తావుగా?" అంది. చెప్తానన్నాను. పాత గీతలన్నీ ఫైల్లో పెట్టి సంచీలో వేసుకున్నాను. అవి పక్కన పెట్టి చూస్తే పసిపిల్లాడికైనా అర్థమవుతుంది.

జూన్ 28, శుక్రవారం

చెప్పాల్సింది చెప్పాను. వినలేదు. అక్కని తీసేస్తున్నారు.

జూన్ 29, శనివారం

నేను చెప్పగలిగినంత చెప్పాను. వాడు గీత చూశాడు. అక్క దగ్గర పడుతోంది, కొత్తమ్మాయి దగ్గర లేస్తోంది. అంకెలు చదవడం తప్ప ఏమీ రానివాడికి ఎవరు మాత్రం ఏం చెప్తారు? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

షో నిలబడింది. నలభై మంది ఉద్యోగాలు నిలబడ్డాయి. ఆ సంగతి ఎవరూ మాట్లాడరు.

జూలై 1, సోమవారం

నేను చెప్పాను.

జూలై 5, శుక్రవారం

అక్క ఆఖరి రోజు. పూలగుత్తి ఇచ్చారు, కేకు కోయించారు. మేకప్ అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. గుంతలో అక్క ఎప్పటిలాగే మాట్లాడింది. వెళ్తున్నానని చెప్పొద్దని పైనుంచి ఆర్డరు, అందుకని చెప్పలేదు. "సోమవారం నేను కనపడకపోతే కంగారు పడకండి" అని మాత్రం అంది.

లెక్కల మాస్టారు అక్కకి చెయ్యి కలిపి, "మీ ప్రొడ్యూసర్ మీ కోసం గట్టిగా పోరాడారు మేడమ్. ఏం చేస్తాం, అంకెలు అంకెలే" అన్నాడు. మర్యాదకి అన్నాడు. ఉద్యోగం తీసేసేటప్పుడు ఇలాంటివి నాలుగు అనడం వాళ్లకి అలవాటే.

అక్క అందరి ముందూ నన్ను వాటేసుకుంది. "నాకు తెలుసే" అంది. "ఎంత చెప్పినా వినలేదక్కా" అన్నాను. గొంతు కూడా పూడుకుపోయింది నాకు. నిజంగానే పూడుకుపోయింది.

జూలై 9, మంగళవారం

గుంతలో పాత పాటలు వేస్తున్నాం. ఇంటికొచ్చేసరికి టీవీలో పక్క ఛానెల్ పొద్దుటి షో మళ్లీ వేస్తున్నారు, కుక్కపిల్ల నిద్రపోతోంది. అత్తయ్య నన్ను చూసి సౌండు పెంచారు.

జూలై 18, గురువారం

అక్క లేని మొదటి వారం గీతలు. గుంతలో నలభై మూడు.

లెక్కల మాస్టారు ఆ కాగితం పట్టుకుని నా గదికే వచ్చేశాడు. మొహంలో రంగు లేదు. పైవాళ్లు అడిగారట. "ఏడూ నలభైకి ఇలా కూలిపోయిందేంటి మేడమ్? కొత్తమ్మాయి వల్లేనా?"

"కాదు సార్. అది గుంత. స్కూలు బస్సుల టైము. ఎవరున్నా పడుతుంది, ఎప్పుడూ పడేదే" అన్నాను.

ఎంత సులువుగా వచ్చేసింది! ఒక్క గుక్కలో. ఫైలు తీసి పాత గీతలు కూడా చూపించాను. ముట్టుకోనన్నవాడు ముట్టుకున్నాడు, అయిదు నిమిషాలు తిప్పి తిప్పి చూశాడు.

"అయితే అక్కగారి రెండు వారాలూ..."

"డెబ్బై ఒకటి దాకా వెళ్లింది సార్."

నా వైపు చూశాడు. "మీటింగులో ఈ మాట అనలేదే మీరు?"

"పాతవి చూడనన్నారు కదా సార్."

నవ్వాడు. నేనూ నవ్వాను. "సర్లెండి, అయిందేదో అయింది. పైవాళ్లకి ఈ గుంత సంగతి ఒక పేజీ రాసివ్వండి" అని వెళ్లిపోయాడు. రాసిచ్చాను. చాలా బాగా రాశానట.

జూలై 19, శుక్రవారం

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. ఇందులో కూడా అబద్ధం రాసుకునే దాన్ని నేనేం మనిషిని?

జూన్ 28న నేను నోరు విప్పలేదు.

ఫైలు సంచీలోనే ఉంది. సంచీ నా ఒళ్లోనే ఉంది. లెక్కల మాస్టారు రెండు గీతలూ పక్కపక్కన పెట్టి, "క్లియర్‌గా ఉంది కదా మేడమ్? మీరేమైనా చెప్తారా?" అని అడిగాడు. అడిగాడు! నేను జిప్పు మీద చెయ్యి వేశాను. అక్క కూడా బావుందంటే తేడా లేదంటాడు, షో ఎత్తేస్తాడు అనుకున్నాను. కొత్తమ్మాయిని తీసేస్తాడేమో, అప్పుడు అక్క ఇంకా పెద్దదైపోతుంది, నేను ఇంకో పదకొండేళ్లు ఆవిడ వెనకాల సంచీ మోసుకుంటూ తిరగాలి అని కూడా అనుకున్నాను. ఆ రెండోది అనుకోలేదని ఇన్నాళ్లూ నన్ను నేను నమ్మించుకున్నాను.

"ఏం లేదు సార్" అన్నాను. అంతే జరిగింది. చెవిటివాడి ముందు శంఖం అని రాసుకున్నాను పైన. శంఖం ఊదిందెవరు?

గుంతలో కొత్తమ్మాయిని వేసి ఉండొచ్చు. వరస నా చేతిలోనే ఉంది. నాలుగుసార్లు కొట్టేశానని రాశాను కదా, ఆ నాలుగుసార్లూ అక్కడ కొత్తమ్మాయి పేరే ఉంది.

రేపు అక్క ఇంటికెళ్లి అంతా చెప్పేస్తాను. కొడితే కొట్టించుకుంటాను.

జూలై 20, శనివారం

వాన. వెళ్లలేదు.

జూలై 24, బుధవారం

పక్క ఛానెల్ హెడ్ ఫోన్ చేశాడు. పెద్దాయన, నెమ్మదిగా మాట్లాడతాడు. అక్క వాళ్ల దగ్గరికి వెళ్లిందట.

"ఏడూ నలభైకి అరగంట అడుగుతున్నారమ్మా ఆవిడ. ఇల్లు ఖాళీ అయ్యాక మిగిలినవాళ్ల కోసమట. ఆలోచన బాగుంది, కానీ ఆ టైములో ఎవరు చూస్తారని మావాళ్ల అనుమానం. మీ నిమిషాల గీతలు మాకు దొరకవు కదా. ఎలా చేశానో మా ప్రొడ్యూసర్నే అడగండి, ఆ అమ్మాయి మాటే నా మాట అన్నారు. అందుకని మీకు చేశాను."

నూటికి డెబ్బై ఒక్కరు. ఆ ఒక్క అంకె చెప్తే చాలు.

చెప్తే సోమవారం నుంచి అక్క ఏడూ నలభైకి అక్కడ కూర్చుంటుంది. మా అత్తయ్యతో సహా అందరూ అటే పోతారు. నెల తిరక్కుండా మా షో ఎత్తేస్తారు. ఇదంతా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని నింపాదిగా లెక్కేసుకున్నాను. లెక్కల మాస్టారు నా ముందు ఎందుకూ పనికిరాడు.

"చాలా మంచావిడండీ" అన్నాను. "పనంటే ప్రాణం."

"ఆ రెండు వారాలూ ఎలా ఉండేది?"

"కాస్త అలసిపోయారండీ ఈమధ్య. లైవ్‌లో ఒక్కోసారి మాట్లాడకుండా ఉండిపోతున్నారు. నలభై సెకన్లు కూడా. మీకు తెలియందేముంది."

"అయ్యో" అన్నాడు పెద్దాయన. నిజంగానే బాధపడ్డాడు. "థాంక్సమ్మా, ఇలాంటివి ఎవరూ మనసు విప్పి చెప్పరు."

నేను చెప్పిందాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. ఎవరైనా రికార్డు తీసి చూసుకోవచ్చు.

జూలై 26, శుక్రవారం

సాయంత్రం అక్క ఫోన్ చేసింది.

వాళ్లు వద్దన్నారట. ఎందుకో చెప్పలేదట, మర్యాదగా టీ ఇచ్చి పంపేశారట. అక్క ఏడవలేదు. ఏడిస్తే ఏదో ఒకటి అని ఓదార్చేదాన్ని.

"నువ్వు చెప్పి కూడా వద్దన్నారంటే, ఇంక నాలోనే సరుకైపోయిందనుకోవాలే" అంది.

"అలా అనకక్కా."

"లేదులే. మీ మాస్టారితో పోట్లాడావు, అయినా పనవలేదు. వీళ్లకీ చెప్పావు, ఇక్కడా పనవలేదు. ఇద్దరూ పిచ్చివాళ్లేం కారుగా? నాకే తెలియడం లేదు, వయసొచ్చేసింది. నిజం చెప్పవే, నేనేం అనుకోను. ఆ రెండు వారాలూ అటువైపు మనుషులున్నారా? గోడతో మాట్లాడానా?"

అంకె నాలుక చివర దాకా వచ్చింది. చెప్తే రేపు పొద్దున్నే మళ్లీ ఆయన దగ్గరికి వెళ్తుంది. ఈసారి నేనేం అన్నానో ఆయన చెప్పేస్తాడు.

"సరిగ్గా గుర్తులేదక్కా" అన్నాను.

"ఊఁ" అంది.

"సరేలే. ఇంక ఎక్కడికీ వెళ్లను, ఎవరినీ అడగను. ఇన్నాళ్లు చేశాను, చాలు." ఆ తర్వాత గొంతు తగ్గించింది. "నువ్వు మాత్రం జాగ్రత్తే. నా తరఫున ఊరంతా మాట్లాడుతున్నావని తెలిస్తే మీ మాస్టారు నీ మీద పగబడతాడు. నా కోసం నీ ఉద్యోగం మీదకి తెచ్చుకోకు."

జాగ్రత్తగానే ఉంటానని చెప్పాను.